యముడు వెళ్ళని వీధి

సముద్రానికీ ఉప్పుమళ్ళకీ నడుమ తరంగపురి అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేదట. ఎంత చిన్నదంటే, పొద్దున్నే ఏనుగెక్కి బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకి అవతలి పొలిమేర వచ్చేసేది. రాజుగారి బిరుదులు మాత్రం అంతకంటే పొడవు. ‘సముద్రమర్దన, శత్రుగర్వభంజన, దిగంతకీర్తిధుర్య’ అని ఎత్తుకున్న భట్రాజు ‘వీరకేసరి భూపతి’ దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు ఊపిరి తీసుకునేవాడు.

వీరకేసరి చెడ్డవాడు కాడు. తనంతటివాడు లేడని నమ్మినవాడు, అంతే. ఆయన ముఖంలో రాజతేజస్సు ఉందనీ, ముసుగు వేసినా, చీకట్లో నిలబెట్టినా అది దాగదనీ ఎవరో కవి ఒక పద్యంలో చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆయన అద్దం ముందు నిలబడే సమయం పెరిగింది.

ఆ కొలువులో మాచన అనే ఆయన ఉండేవాడు. నలభై ఏళ్ళవాడు, బక్కపలచని మనిషి. పద్యం అల్లడం రాదు, శాస్త్రాలు చదవలేదు. మాట మాత్రం ఉంది. సభ ఆవులింతల్లో పడ్డ వేళ ఒక్క మాట విసిరి అందరినీ నవ్వించేవాడు. రాజు నవ్వితే చేతికి కంకణమో, భుజానికి శాలువో దక్కేది. ఆ నవ్వే తన ఇంట్లో అన్నమని మాచనకి తెలుసు. అందుకని తన మాట ఎవరి మీద పడుతోందో పెద్దగా చూసుకునేవాడు కాదు.

రేవు పక్కన యూదుల వీధి ఉండేది. నలభై ఇళ్ళు. ఏడు తరాల కిందట ఎక్కడో తమవాళ్ళని తరిమికొడితే ఓడెక్కి వచ్చిన జనం. ఓడలకి తెరచాపలు కుట్టేవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ప్రార్థన మాత్రం తమ పాత భాషలో చేసుకునేవారు. శనివారం సూది ముట్టరు. ఊరి తగాదాల్లో తలదూర్చరు. వాళ్ళ గురించి ఊరికి తెలిసింది అంతవరకే. అంతకుమించి తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

ఒకసారి కొలువులో ఎవరో, ఆ వీధివాళ్ళు మరీ గుట్టు మనుషులు సుమా అన్నారు. మాచన వెంటనే అందుకున్నాడు.

“గుట్టంటే అంతా ఇంతానా ప్రభూ! యముడు కూడా ఆ వీధికి వెళ్ళడం మానేశాడు. ఫలానావాడి ఇల్లెక్కడని అడిగితే ఒక్కరూ చెప్పరట!”

రాజు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ రోజు మాచనకి బంగారు కంకణం దక్కింది. మాట ఒక్క పూటలో కోట దిగి ఊరంతా తిరిగింది. యూదుల వీధిలోకీ వెళ్ళింది. అక్కడివాళ్ళు నొచ్చుకున్నారా అని ఎవరూ అడగలేదు. మాచన అసలే అడగలేదు.

ఇది జరిగిన రెండేళ్ళకి వీరకేసరి పక్క రాజ్యంవాళ్ళ కోట ఒకటి గెలిచాడు. కోట అంటే ఒక బురుజు, దాని చుట్టూ గోడ. అయినా విజయోత్సవం నెల్లాళ్ళు చేయించాడు. మూడువేల మంది సైనికులు ఊరి పక్క గుట్ట మీద గుడారాలు వేసుకుని అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే కాలకృత్యాలు తీర్చుకున్నారు. తొలకరి పడింది. గుట్ట మీద పడ్డ వాన గుట్ట మీద నిలవదు కదా. కింద ఉన్న ఊరి బావుల వైపు పారింది.

వారం తిరక్కుండానే ఊళ్ళో గత్తర మొదలైంది. పొద్దున వాంతులు పట్టుకున్న మనిషి సాయంత్రానికి లేడు. పదిహేను రోజుల్లో నాలుగువందల మంది పోయారు. మిగిలినవాళ్ళు గుడ్డలో కర్పూరం ముడివేసి ముక్కుకీ నోటికీ కట్టుకుని, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ తిరుగుతున్నారు.

అప్పుడు ఆ పాత మాట మళ్ళీ లేచింది. యముడు వెళ్ళని వీధి. మొదట బావి దగ్గర ఒకామె నిట్టూరుస్తూ అంది. మర్నాడు అంగట్లో ఇంకొకడు, అవును, ఆ వీధిలో ఒక్క చావైనా విన్నామా అన్నాడు. మూడోనాటికి అది, వాళ్ళకి ముందే తెలుసుననే మాటగా మారింది. నాలుగోనాటికి, బావుల్లో ఏదో కలిపారనే మాట అయింది. ఐదోనాడు హనోకు అనే ముసలి యూదు కడవ పట్టుకుని బావికి వస్తే రాళ్ళు విసిరారు. తలకి తగిలి అక్కడే పడిపోయాడు.

ఆ మర్నాడు, గురువారం ఉదయం, కొలువులో అనంగభట్టు లేచాడు. ముఖం చూసి గుణం చెప్పే సాముద్రిక శాస్త్రి ఆయన. కిందటేడు ధాన్యపు కొట్టు తగలబడినప్పుడు, కట్టెలమ్ముకోవడానికి కొండ దిగి వచ్చి ఊరి చివర ఉంటున్నవాళ్ళ కళ్ళలో నిప్పు కనిపిస్తోందన్నాడు. వాళ్ళ గుడిసెలు పీకి ఊరి నుంచి తరిమారు. కొట్టు కాపలావాడి చుట్ట నిప్పే కారణమని తర్వాత తేలింది. అప్పటికి గుడిసెలూ లేవు, మనుషులూ లేరు.

“ప్రభూ, ఊరంతా పోతుంటే ఆ ఒక్క వీధిలో చావు లేదు. బావుల్లో విషం వాళ్ళ పనే. వాళ్ళ కళ్ళు చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది. యముడు వెళ్ళని వీధి అని మన మాచన ఎప్పుడో కనిపెట్టనే కనిపెట్టాడు!”

సభంతా మాచన వైపు తిరిగింది.

“నిజమేనా మాచనా?” అన్నాడు రాజు.

“అది... నవ్వులాటకి అన్న మాట ప్రభూ.”

ఆ జవాబు రెండో వరుసదాకా కూడా వినిపించలేదు. ఇంకోసారి గట్టిగా చెబుదామని నోరు తెరిచాడు. సేనాపతి ముఖం చూశాడు, మంత్రి ముఖం చూశాడు. నోరు మూసుకున్నాడు.

రాజు ఆజ్ఞ ఇచ్చాడు. శనివారం తెల్లవారి పోటుకి, శాస్త్రి పోల్చి చూపించిన యూదుల్నల్లా పాత ఓడలెక్కించి సముద్రంలోకి వదిలేయాలి. అది ఆషాఢం. ఆ నెలలో కాకలు తీరిన నావికుడు కూడా లంగరు ఎత్తడు.

*

మాచన ఇంటికి బయలుదేరాడు, కానీ కాళ్ళు రేవు వైపు నడిచాయి. యూదుల వీధి మొదట్లో ఒక గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. అతని మాటే. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఇన్నేళ్ళుగా అతని మాటలు ఎన్నో ఊళ్ళో తిరిగాయి గాని, గోడకెక్కడం ఇదే మొదలు.

అది హనోకు ఇల్లు. తలుపు తెరిచే ఉంది. హనోకు భార్య సిప్పోరమ్మ నేల మీద కూర్చుని ఉంది. మెడ దగ్గర రవికె చిరిగి ఉంది. లోపలి గదిలోంచి ఎవరో మూలుగుతున్నారు.

“ఎవరండీ?”

“కొలువు నుంచి వచ్చానమ్మా. మాచనని.”

ఆమె నేల చూపించింది. “కిందే కూర్చోండి. చావు జరిగిన ఇంట్లో మేం బట్ట చించుకుని నేల మీదే కూర్చుంటాం, పీట వేయకూడదు. కొడుకు పోయి ఐదు రోజులైంది.”

“కొడుకా? ఈ వీధిలో ఎవరూ...” మాచన మధ్యలో ఆగిపోయాడు.

“ఎవరూ పోలేదని విన్నారు, అంతే కదా? మా నఫ్తాలికి ఇరవై రెండేళ్ళు. పొద్దున్న సూదిలో దారం ఎక్కిస్తూ కడుపు పట్టుకున్నాడు. దీపాల వేళకి పోయాడు.” ఆమె ఏడవలేదు. లోపలికి చూసి పిలిచింది. “ఎజ్రా, ఈయన్ని ఉప్పుమళ్ళ అవతలికి తీసుకెళ్ళి చూపించు నాయనా.”

ఎజ్రా ఆమె మరిది కొడుకు, ముప్ఫై ఏళ్ళవాడు. ఉప్పుమళ్ళు దాటాక చిన్న శ్మశానం. అందులో పచ్చిమట్టి దిబ్బలు పదకొండు. ప్రతి దిబ్బ మీదా ఎవరో గులకరాళ్ళు పేర్చి వెళ్ళారు. ఎజ్రా ఒక్కొక్క దాని ముందూ ఆగి పేరు చెప్పాడు. అన్నిటికంటే పొట్టి దిబ్బ దగ్గర, “యాయేలు. ఆరేళ్ళు,” అన్నాడు.

“ఊళ్ళో చెప్పలేదేం బాబూ?”

“ఎవరైనా అడిగితే గదా చెప్పేది? మీ శవాలు మీరు మోసుకుని ఆ వైపు వెళ్ళారు. మావి మేం మోసుకుని ఈ వైపు వచ్చాం. దారిలో మీరెవరూ ఎదురుపడలేదు.”

మాచన తిరిగొచ్చి మళ్ళీ సిప్పోరమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఆ గోడ మీది మాట నాదేనమ్మా.”

“తెలుసు. మొదటిసారి విన్నప్పుడు మా ఆయన కూడా నవ్వాడు. బాగా అన్నాడే అన్నాడు. నిన్న బావి దగ్గర ఆ మాటే అంటూ కొట్టారట.” ఆమె చిరిగిన రవికె అంచు సరిచేసుకుంది. “వాన పడ్డ మర్నాడే బావినీళ్ళు కంపు కొట్టాయి బాబూ. గుట్ట మీద సైన్యం దిగిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆ మాట పైకి అనాలంటే గుండె కావాలి. మా పేరు అనడానికి ఏం కావాలి చెప్పండి?”

మాచన తల దించుకున్నాడు. “నన్ను క్షమించమని అడగడానికి వచ్చానమ్మా.”

“అది తర్వాత చూద్దాం. శనివారం లోపల ఏం చేస్తారో అది చెప్పండి.”

అతను ఇరవై ఏళ్ళుగా రాజుని నవ్వించినవాడు. రాజు దేనికి పొంగుతాడో, ఏ వైపు నుంచి వెళ్తే ఒప్పుకుంటాడో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మాచన తలెత్తాడు.

“తొమ్మిదిమంది మగవాళ్ళు కావాలి. రేపు నాతో కొలువుకి రావాలి. ప్రాణాలకి పూచీ ఇవ్వలేను.”

“ఓడెక్కితే మాత్రం పూచీ ఉందా?” అన్నాడు ఎజ్రా. “నేనొస్తాను. మిగతా ఎనిమిదిమందినీ నేనే పిలుస్తాను.”

*

మధ్యాహ్నం మాచన కోటలోకి వెళ్ళేసరికి రాజు అద్దం ముందు తలపాగా సవరించుకుంటున్నాడు.

“ప్రభూ, చిన్న చిక్కు వచ్చింది. ఊరంతా ముక్కూ మూతీ గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. శనివారం రేవులో ఎవరు యూదో, ఎవరు కాదో పోల్చడం ఎలా?”

“దానికేం? కళ్ళు చూసి చెబుతానని అనంగభట్టు అననే అన్నాడు కదా.”

“అన్నాడు ప్రభూ. కానీ జనానికి నమ్మకం కుదరొద్దా? రేపు కొలువులో పరీక్ష పెట్టిద్దాం. పదిమందిని నిలబెడతాను. అందరికీ ఒకే రకం పంచె, ఒకే రకం తలపాగా, ముఖానికి గుడ్డ. శాస్త్రి కళ్ళూ నుదురూ చూసి చెప్పాలి.”

“బాగుంది. అలాగే కానీ.”

“ఇంకొక్క మనవి. ఆ పదిమందిలో ఏలినవారు కూడా నిలబడాలి.”

“నేనా!”

“తమ తేజస్సు ముసుగులో దాగేది కాదని పద్యం ఉండనే ఉంది. శాస్త్రి చూపు నిజమైనదైతే తమ ముందుకు రాగానే సాష్టాంగపడతాడు. అది ఊరంతా కళ్ళారా చూస్తుంది.”

రాజు మీసం దువ్వుకున్నాడు. మామూలు మనుషుల వరుసలో శాస్త్రి వచ్చి వచ్చి తన ముందు ఠక్కున ఆగి, వణుకుతూ కాళ్ళ మీద పడడం ఆయన కళ్ళకి కట్టింది.

“సరే. ఎవరికీ తెలియనివ్వకు.”

“చిత్తం. శాస్త్రి అందరినీ చూసి ముగించేదాకా తమరు గుడ్డ తీయకూడదు. మాట్లాడకూడదు కూడా. గొంతు వింటే ఎవరైనా పోల్చుకుంటారు, అందులో గొప్పేముంది?”

“నాకు చెబుతావా!” అని నవ్వాడు రాజు.

మాచన అనుకున్నట్టే సాయంత్రం అనంగభట్టు అతని ఇంటికి వచ్చాడు. ఏనాడూ ఆ గడప తొక్కని మనిషి అరుగు మీద చనువుగా కూర్చున్నాడు.

“ఏమయ్యా మాచనా, పరీక్ష పెట్టించావటగా! మంచిదే. నా శాస్త్రానికి తిరుగులేదనుకో. అయితే రేపు మబ్బుగా ఉండేలా ఉంది. గుడ్డల మీద వెలుతురు సరిగ్గా పడకపోతే, పొరపాటు నాది కాకపోయినా మాట శాస్త్రానికి వస్తుంది. వాళ్ళని ఎన్నో చోట నిలబెడుతున్నావో ఒక్క ముక్క చెబితే...”

మాచన అటూ ఇటూ చూశాడు. కాసేపు నసిగాడు.

“మీరు పెద్దవారు గనక చెబుతున్నాను శాస్త్రిగారూ. ఒక్కడే దొరికాడు. మిగతావాళ్ళు భయపడి ఇల్లు కదల్లేదు. నాలుగోవాడు. తక్కిన తొమ్మిదిమందీ మర్యాదస్తుల కుటుంబాలవాళ్ళు. వాళ్ళ గురించి రెండు మంచి మాటలు చెప్పారంటే సంతోషిస్తారు.”

శాస్త్రి అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మాచన అరుగు మీదే కూర్చుండిపోయాడు. రేపు రాజుకి కోపం వస్తే పోయేది తన తల ఒక్కటే కాదు, ఆ తొమ్మిదిమంది తలలూ పోతాయి. ఇన్నాళ్ళూ ఎన్నో మాటలు విసిరాడు గాని, ఏ మాటకీ తను వెల చెల్లించిన పాపాన పోలేదు. లేచి లోపలికి వెళ్ళి, భార్యకి సంగతంతా చెప్పాడు. ఆమె అంతా విని, “ఇన్నేళ్ళకి ఒక మంచి పని చేస్తున్నారు,” అంది. ఆ మాటకి అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

*

శుక్రవారం కొలువు కిక్కిరిసింది. ఊరి పెద్దలతో పాటు మామూలు జనాన్ని కూడా లోపలికి రానిచ్చారు. సింహాసనం ఖాళీగా ఉంది. రాజుగారు తెర చాటు నుంచి చూస్తారని ప్రకటించారు.

పదిమంది వరుసగా నిలబడ్డారు. ఒకే పంచె, ఒకే తలపాగా, కళ్ళ కింది నుంచి గడ్డం దాకా తెల్లగుడ్డ.

అనంగభట్టు శాలువా సవరించుకుని మొదటివాడి ముందు ఆగాడు. “ఆహా! నిర్మలమైన చూపు. ఏడు తరాలుగా మచ్చలేని వంశం.” రెండోవాడి దగ్గర, “దానగుణం,” అన్నాడు. మూడోవాడిని చూసి, “ఇతను పూర్వకాలంలో పుట్టి ఉంటే ఋషి అయ్యేవాడు!” అన్నాడు.

నాలుగోవాడి ముందుకు వచ్చి, పాము మీద కాలు వేసినట్టు వెనక్కి గెంతాడు.

“ఇదిగో! వీడే! ఈ కళ్ళు చూడండి. కలిసిపోయిన కనుబొమలు, విషం కలిపేవాడి లక్షణం. నుదుటి మీద మూడు ముడతలు, మూడు బావులు!”

జనం హోరెత్తారు. నాలుగోవాడు తల అడ్డంగా ఊపాడు.

“కాదంటున్నాడు చూశారా? నేరం చేసినవాడు ఒప్పుకుంటాడా? కాదనడమే రుజువు!”

నాలుగోవాడు కోపంతో ఒక అడుగు ముందుకు వేశాడు.

“అదిగో కోపం! నిజం బయటపడింది గనకే కోపం!”

నాలుగోవాడు కొయ్యబారి నిలబడిపోయాడు.

“చప్పబడిపోయాడు! ఇంకేం చెప్పాలి!”

జనంలోంచి ఎవరో చెప్పు విసిరారు. అది అతని భుజానికి తగిలింది. ఇద్దరు భటులు వచ్చి చెరొక చెయ్యీ వెనక్కి విరిచి పట్టుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక వీరకేసరి భూపతి ఒంటి మీద అలాంటి చెయ్యి పడడం అదే మొదటిసారి. ఆయన ఎదురుగా ఉన్న ముఖాలన్నీ చూశాడు. సేనాపతి, మంత్రి, రోజూ పద్యాలు వినిపించే కవి, అందరూ తెలిసినవాళ్ళే. అందరి కళ్ళలోనూ ఒకటే అసహ్యం. ఆ గుడ్డ వెనక ఉన్నది ఎవరో చూడాలని ఒక్కరికీ లేదు.

శాస్త్రి తక్కిన ఆరుగురినీ తాపీగా పొగిడాడు. ఒకరిలో వీరలక్షణం ఉంది, ఒకరిలో రాజయోగం ఉంది. అంతసేపూ భటుల పట్టు సడలలేదు.

“ముగిసిందా శాస్త్రిగారూ? మాట మార్చరు కదా?” అడిగాడు మాచన.

“నా ప్రాణం పోయినా మార్చను.”

మాచన మొదటివాడి వైపు తిరిగి తల ఊపాడు. అతను గుడ్డ విప్పాడు.

“నా పేరు ఎజ్రా. మాది యూదుల వీధి. తెరచాపలు కుడతాను.”

రెండోవాడు విప్పాడు. “షిమోను. యూదుల వీధి.” మూడోవాడు విప్పాడు. “బారూకు. యూదుల వీధి.” నాలుగోవాణ్ణి వదిలి, ఐదోవాడి నుంచి పదోవాడి దాకా ఒక్కొక్కరే విప్పి పేరు చెప్పారు. అందరిదీ అదే వీధి. శాస్త్రి ముఖం పాలిపోయింది.

మాచన నాలుగోవాడి దగ్గరికి వెళ్ళి, తన చేతులతోనే గుడ్డ ముడి విప్పాడు.

భటులు చేతులు వదిలేసి నేల మీద బోర్లా పడ్డారు. కొలువంతా లేచి నిలబడింది. రాజు మణికట్టు మీద ఎర్రగా వేళ్ళ అచ్చులు కనిపిస్తున్నాయి.

“మాచనా!” అన్నాడు రాజు. “నన్ను... నా కొలువులో...”

మాచన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “ప్రభూ, శాస్త్రి చూపినవాణ్ణి రేపు ఓడెక్కించాలని తమ ఆజ్ఞ. ఓడ సిద్ధంగా ఉంది. ఎవరిని ఎక్కించమంటారు?”

“నేను కాదని తల ఊపాను. అందరూ చూశారు,” అన్నాడు రాజు. అది రాజు మాటలా లేదు.

“ఔను ప్రభూ. బావి దగ్గర హనోకు కూడా కాదనే అన్నాడు.”

మాచన లేవకుండానే మిగతాది కూడా చెప్పేశాడు. ఈసారి అతని గొంతు చివరి వరుసదాకా వినిపించింది.

“శాస్త్రిగారికి నాలుగోవాడని చెప్పింది నేను. నిన్న సాయంత్రం నా అరుగు మీద కూర్చుని అడిగి తెలుసుకున్నారు. ఆయన శాస్త్రం అంతే. ఇంకొక్క మాట ప్రభూ, దీనికి తల తీయించినా సరే. విజయోత్సవానికి గుట్ట మీద మూడువేల మందిని నెల్లాళ్ళు ఉంచాం. వాన పడింది. ఆ మురికంతా బావుల్లోకి దిగింది. ఈ సంగతి తెలియనివాడు ఊళ్ళో లేడు. తమ పేరు చెప్పాలంటే భయం వేసింది, అందుకని వాళ్ళ పేరు చెప్పారు. నేనూ ఆ పిరికివాళ్ళలో ఒకణ్ణి. ఆ వీధిలో గత్తరకి పదకొండుమంది పోయారు ప్రభూ. నిన్న నేను ఆ దిబ్బలు చూసి వచ్చాను.”

రాజు వెళ్ళి సింహాసనం మీద కాకుండా దాని మెట్టు మీద కూర్చున్నాడు. మణికట్టు రుద్దుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన గొంతులోంచి ఒక చిన్న నవ్వు వచ్చింది. అది పెద్దదైంది.

“నా తేజస్సు మాచనా! మూరెడు గుడ్డముక్కకి ఆరిపోయింది కదయ్యా!”

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నవ్వుకి వచ్చినవేనా అన్నది దగ్గరున్న మాచనకి కూడా తెలియలేదు.

తర్వాత ఆయన ఒకదాని వెంట ఒకటి ఆజ్ఞలిచ్చాడు. ఓడల ఆజ్ఞ రద్దు. సైన్యం ఆ పూటే గుట్ట దిగాలి. బావులన్నీ తోడించాలి. రాజవైద్యుడు హనోకు ఇంటికి వెళ్ళాలి. కొండవాళ్ళు ఎక్కడున్నారో వెతికించి, వాళ్ళ చోటు వాళ్ళకి ఇవ్వాలి.

“ఇక ఆ ఓడ ఉండనే ఉంది. శాస్త్రిని ఎక్కించండి,” అన్నాడు చివరికి.

“వద్దు ప్రభూ,” అన్నాడు ఎజ్రా. అందరూ అతని వైపు చూశారు. “ఈ గాలిలో ఎవరినీ సముద్రం మీదికి పంపకండి. తెరచాపలు కుట్టేవాణ్ణి గనక చెబుతున్నాను. ఒక్కటీ నిలవదు.”

రాజు ఒప్పుకున్నాడు. అనంగభట్టు శాలువా తీయించి, బావులు తోడేవాళ్ళతో పాటు చేద పట్టమన్నాడు.

“నీకేం కావాలి మాచనా? కంకణమా, అగ్రహారమా?”

“ఒక్క రోజుకి దండోరా వేసేవాణ్ణి ఇప్పించండి ప్రభూ. వాడి వెనక నేను నడుస్తాను.”

*

ఆదివారం పొద్దున్న మొదటి వీధిలో డప్పు మోగింది. మాచన వచ్చాడంటే నవ్వులే అనుకుని జనం ఆత్రంగా మూగారు.

“వినండహో!” అన్నాడు మాచన. “యముడు వెళ్ళని వీధి అని ఈ మాచన కొలువులో ఒక మాట అన్నాడు. అది అబద్ధం. ఆ వీధికి యముడు వెళ్ళాడు. అతను తీసుకుపోయినవాళ్ళ పేర్లు చెబుతాను, వినండి.”

గుంపులో ఒకడు కిసుక్కున నవ్వి, మూడో పేరు దగ్గర ఆగిపోయాడు. మాచన పదకొండు పేర్లూ చెప్పాడు, వయసులతో సహా. చివరి పేరు యాయేలు. చంకలో కడవ ఉన్న ఒకావిడ కడవ కింద పెట్టింది.

“ఆరేళ్ళేనా?”

“ఆరేళ్ళే అమ్మా.”

“మా వాడికి ఏడు నిండాయి,” అంది ఆవిడ. ఇంకేం అనకుండా కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వీధి తరవాత వీధి తిరిగారు. కొన్నిచోట్ల జనం తలలు దించుకుని విన్నారు. ఒకచోట తలుపులు వేసుకున్నారు. ఒకచోట ఆ వీధివాళ్ళ కొమ్ము కాస్తున్నావని తిట్టారు. మాచన ప్రతిచోటా అవే పేర్లు, అదే వరుసలో చెప్పాడు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. అన్నిటికన్నా ఆఖరున యూదుల వీధిలోకి వచ్చాడు. గోడ మీద బొగ్గు రాతని ఎవరో సున్నం పూసి చెరిపారు. సున్నం ఇంకా ఆరలేదు.

సిప్పోరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. డప్పు ఆగింది. ఆమె ఎదురుగా మాచన పదకొండు పేర్లూ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

“పన్నెండు బాబూ,” అంది.

మాచనకి మొదట అర్థం కాలేదు. ఆమె వెనక, లోపలి గదిలో మూలుగు వినిపించడం లేదు.

“వైద్యుడు రెండు రోజులూ కూర్చుని చూశాడు. మధ్యాహ్నం పోయాడు మా ఆయన. గత్తరతో కాదు, రాళ్ళతో.” ఆమె గుమ్మం పట్టుకుంది. “ఆ తేడా కూడా చెబుతారా?”

“చెబుతానమ్మా.”

మాచన దండోరావాడి వైపు తిరిగాడు. వాడు అలసిపోయి డప్పు భుజం నుంచి దించబోతున్నాడు.

“దించకు నాయనా,” అన్నాడు మాచన. “మళ్ళీ మొదటి వీధికి పద.”